కౌసల్య వైపు, ఊర్మిళ వైపు

మా ఇంట్లో టీవీ రామాయణం గురించి చెప్పాలంటే 1986 వరద దగ్గర మొదలుపెట్టాలి. ఆ ఏడాది ఆగస్టు 16న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకి లేచింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. ఇప్పటికీ మావైపు ఏ వరదొచ్చినా పెద్దవాళ్ళు గట్టు మీద నిలబడి, "ఎనభై ఆరంత లేదులే" అనో, "ఎనభై ఆరులా ఉందిరోయ్" అనో అంటారు.

మాది ముక్తేశ్వరం దిగువన, గౌతమి ఏటిగట్టుకి ఆనుకున్న ఊరు. ఏటి మధ్య లంకలో మాకు కొంత పొలం, పశువుల మకాం ఉండేవి. నీరు పెరుగుతోందని తెలిసిన సాయంత్రం మా బాబాయి నాటుపడవ వేసుకుని గేదెల కోసం వెళ్ళాడు. గేదెల్ని తెచ్చి గట్టు మీద కట్టేశాడు. లంకలో ఇంకో కుటుంబం ఉండిపోయిందని ఎవరో అంటే మళ్ళీ వెళ్ళాడు. ఆ కుటుంబాన్ని వేరే పడవవాళ్ళు క్షేమంగా తీసుకొచ్చారు. బాబాయి రాలేదు. పడవ మాత్రం నీళ్ళు తీశాక చాలా దిగువన, రెల్లుదుబ్బుల్లో బోర్లా పడి దొరికింది.

బాబాయికి అప్పటికి పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. కొడుక్కి అడుగులు కూడా సరిగా పడడం లేదు. నాన్న, ఊళ్ళోవాళ్ళు యానాం దాకా ఏటి పొడవునా వెతికారు. శిబిరాల్లో, ఆసుపత్రుల్లో అడిగారు. మనిషి దొరికి ఉంటే గుండెలు బాదుకుని ఏడ్చి, చెయ్యాల్సినవి చేసి, మాసికాలు పెట్టుకుంటూ ఏదో ఒక ఒడ్డుకి చేరేవాళ్ళం. దొరకలేదు. ఆచూకీ తెలియని మనిషికి పన్నెండేళ్ళ దాకా కర్మ చెయ్యకూడదని సిద్ధాంతిగారు చెప్పారు. ఆ గడువు దాటాక కూడా రాకపోతే బొమ్మ చేసి దహనం చెయ్యాలట.

పన్నెండేళ్ళు. పిన్నికి అప్పుడు పాతికేళ్ళు కూడా లేవు.

బొట్టు, గాజులు, పుస్తెలు అన్నీ అలాగే ఉన్నాయి. మరుసటి శ్రావణంలో వాయనానికి ఆమెని పిలవాలా వద్దా అని ఊరికి సందేహం వచ్చింది. కొందరు పిలిచారు. కొందరు మా గుమ్మం దాకా వచ్చి, అమ్మకి బొట్టుపెట్టి, పిన్ని లోపల్నుంచి వచ్చేలోపు పక్కింటికి వెళ్ళిపోయారు. పిన్ని రామాలయానికి వెళ్ళడం మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, ఏడవలేదు. తాతయ్య పోయినప్పుడు ఊరు అదిరేలా ఏడ్చిందట. ఈసారి కన్నీళ్ళు రాలేదు. మామ్మ, పిన్ని పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే వంటింట్లో మసిలేవారు. ఉప్పు, చింతపండు, పాల లెక్క, పిల్లాడి జ్వరం, వీటి గురించి తప్ప వాళ్ళిద్దరి మధ్య ఇంకో మాట ఉండేది కాదు. బాబాయి పేరైతే ఎవరి నోటా రాదు.

అలాంటి ఇంటికి 1987 జనవరి 25న, ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. రామానంద్ సాగర్ తీసిన సీరియల్. మా వీధిలో టీవీ హిందీ మేష్టారి ఇంట్లోనే ఉండేది. నలుపు తెలుపు ఈసీ టీవీ, ముందు నీలం అద్దం. యాంటెన్నాని పొడుగాటి వెదురు గడకి కట్టి డాబా మీద నిలబెట్టారు. గాలికి తిరిగిపోతే ఒక కుర్రాడు పైకెక్కి తిప్పుతుంటే కింద వీధంతా "వచ్చింది... పోయింది... ఆఁ, వచ్చింది" అని అరిచేది. ఆదివారం పొద్దున్న కరెంటు పోతుందేమోనని ఒక రైతు ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి సిద్ధంగా పెట్టేవాడు. అరుగంతా చెప్పులు. హాల్లో చాపలు, వసారాలో బల్లలు, కిటికీ ఊచలకి వేలాడే పిల్లలు. మేష్టారి భార్య టీవీకి బొట్టుపెట్టి, రాముడు కనిపించగానే కర్పూరం వెలిగించేది. దేశమంతా ఇలాగే జరిగిందని తర్వాత చదివాను. మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ చూసి చెయ్యలేదు. దేవుడు ఇంటికొస్తే హారతి ఇవ్వకుండా ఎలా ఉంటారు?

మాకెవరికీ హిందీ రాదు. మేష్టారు మద్రాసులో దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలన్నీ రాసినవారు. తెర పక్కన కుర్చీ వేసుకుని ఒక్కో సంభాషణా అయ్యాక క్లుప్తంగా తెలుగులో చెప్పేవారు. పేర్లు పడుతున్నప్పుడు తెర మీద ఒక వరస చూపించి, "వాల్మీకం, తులసీదాసుదే కాదమ్మా, మన రంగనాథ రామాయణం కూడా చూసి తీశామని వేశారు" అని ఒకసారి గర్వంగా చెప్పారు. ఆ మాట మా ఇంట్లో తర్వాత పనికొచ్చింది.

మామ్మకి అప్పటిదాకా రామాయణమంటే విజయవాడ రేడియోలో ఉషశ్రీగారి గొంతు. ఆయన చెబుతుంటే పని ఆపి స్తంభానికి ఆనుకుని వినేది. టీవీ చూడ్డానికి మొదట్లో ఇష్టపడలేదు. ముత్తయిదువులంతా హారతి ఇచ్చే చోట తానెందుకని వెనక గోడ దగ్గర కూర్చునేది. మేష్టారి భార్య చెయ్యిపట్టుకుని ముందుకి తీసుకొచ్చి, "పెద్దవారు మీరు వెనకుంటే మేం ముందు కూర్చోవాలాండీ" అని చాప మీద మధ్యలో కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి అది మామ్మ చోటు.

పిన్ని వచ్చేది కాదు. ఒక ఆదివారం పిల్లాడు పేచీ పెడుతున్నాడని అమ్మని పిలవడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పుడు రాముడు గంగ దాటే ఘట్టం నడుస్తోంది. కేవటుడనే పడవవాడు రాముడి కాళ్ళు కడిగితేగాని ఎక్కించుకోనంటాడు. దాటించాక కూలి పుచ్చుకోడు. తులసీదాసు ఈ ఘట్టాన్ని ఎంత ప్రేమగా రాశాడో మేష్టారు చెబుతున్నారు. జనం మురిసిపోతున్నారు. పడవ నీళ్ళ మీద కదిలింది. పిన్ని తెర వంక కాసేపు చూసి, అమ్మని పిలవకుండానే వెళ్ళిపోయింది. మామ్మ తల తిప్పి ఆ వెళ్ళడాన్ని చూసింది.

తర్వాత వారాల్లో సుమంత్రుడు ఖాళీ రథంతో అయోధ్యకి తిరిగొచ్చాడు. దశరథుడు శ్రవణకుమారుడి కథ తలుచుకుని, రామా రామా అంటూ ఆ రాత్రే ప్రాణం వదిలాడు. హాల్లో ఆడవాళ్ళంతా వెక్కివెక్కి ఏడుస్తున్నారు. మగవాళ్ళు తువ్వాళ్ళతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. కొడుకుని పోగొట్టుకున్న మా మామ్మ వైపు అందరూ ఓరగా చూస్తున్నారు. ఇప్పుడైనా ఏడిస్తే గుండె తేలికపడుతుందని వాళ్ళ ఆశ.

మామ్మకి కోపం వచ్చింది.

"చచ్చిపోవడమా! ఎంత తేలిక పనో చూడు! ఆ మహాతల్లి ఏం కావాలి? మాటిచ్చింది తను, కొడుకుని పంపింది తను. ఇప్పుడు హాయిగా కళ్ళు మూసుకున్నాడు. పద్నాలుగేళ్ళూ కాపలా కాయాల్సింది కౌసల్య" అని గట్టిగా అంది. హాలంతా నిశ్శబ్దం. మేష్టారు అనువాదం ఆపేశారు. ఇంటికొచ్చేటప్పుడు దారంతా మామ్మ కౌసల్య గురించే మాట్లాడింది. వరద తర్వాత మామ్మ అంతసేపు మాట్లాడ్డం అదే మొదలు.

ఆ దశరథుడు, ఆ కౌసల్య వేసిన బాల్ ధురి, జయశ్రీ గడ్కర్ నిజజీవితంలోనూ భార్యాభర్తలని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి మామ్మ లేదు. తెలిస్తే ఆయన్ని కొంచెం క్షమించేదేమో.

ఆ రోజు నుంచి ఇంట్లో మామ్మ కౌసల్య పక్షం. పొయ్యి దగ్గర కూర్చుని వారం వారం కథ చెప్పేది. వినేది పిల్లలం మేమే అయినా, చెప్పేది వెనక బియ్యం ఏరుతున్న పిన్ని కోసమని నాకు చిన్నతనంలోనే తెలిసింది. "కౌసల్య చూడు, పూజ మానలేదు. దీపం మానలేదు. పద్నాలుగేళ్ళ తర్వాత వస్తాడని లెక్కపెట్టుకుంటూ కూర్చుంది" అనేది. పిన్ని ఉలకదు, పలకదు. అలా కొన్ని వారాలు గడిచాక ఒక రాత్రి చేటలోంచి తలెత్తకుండా అంది.

"కౌసల్యకేం అత్తయ్యా. కొడుకు అడివిలో ఉన్నాడని తెలుసు. బతికే ఉన్నాడని తెలుసు. తమ్ముడు పక్కనున్నాడని తెలుసు. ఏ రోజుకి తిరిగొస్తాడో కూడా తెలుసు."

ఆ మాటకి మామ్మ దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. రాత్రి చాలాసేపు మంచం మీద కూర్చునే ఉంది. మా అమ్మ మర్నాడు నాన్నతో, "వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు" అంది. అంతకన్నా పెద్ద వార్త మా ఇంట్లో ఆ ఏడాది లేదు.

జవాబు వెతకడానికి మామ్మకి అరణ్యకాండ దాకా పట్టింది. సీతని రావణుడు ఎత్తుకుపోయాడు. రాముడు పర్ణశాలకి తిరిగొస్తే ఖాళీ. చెట్టునీ పుట్టనీ అడుగుతూ తిరిగాడు. పంచవటి గోదావరి ఒడ్డునే కదా. నాసిక్ దగ్గరని మేష్టారంటే, కాదు, భద్రాచలం ఎగువన మన పర్ణశాలేనని మామ్మ. ఎక్కడైతేనేం, ఆ నీళ్ళు ఎప్పటికో మా గట్టు కిందికి రావాల్సిందే. త్ర్యంబకం దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు ఈ చివరి దాకా వచ్చే నది అదొక్కటే.

ఆ ఆదివారం సీరియల్ అయ్యాక మేష్టారు లోపల్నుంచి వాల్మీకి రామాయణం ప్రతి తెచ్చి ఒక ఘట్టం వినిపించారు. రాముడు సీతేదని గోదావరిని అడుగుతాడు. వనంలోని భూతాలన్నీ చెప్పు చెప్పమని నదిని తొందరపెడతాయి. నది చెప్పదు. రావణుడి రూపం, వాడి చేష్టలు తలుచుకుని భయంతో నోరు విప్పదు. మామ్మ రెండోసారి చదవమంది. మేష్టారు మళ్ళీ చదివారు.

ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. "అమ్మాయ్, నువ్వన్నది నిజమే. కౌసల్యకి తెలుసు. కానీ రాముడికి తెలీదు. ఉందో పోయిందో తెలీక ఏడుస్తూ తిరిగాడు. సాక్షాత్తూ ఆయనే అడిగితే మన గోదారి చెప్పలేదట. ఆయనకే చెప్పనిది నాకూ నీకూ ఏం చెబుతుంది?" అంది.

అప్పుడు ఏడ్చింది పిన్ని. గట్టు మీద నిలబడి ఏటిని రోజూ తిట్టుకునేదాన్నని, ఎక్కడ పెట్టావో చెప్పమని అడిగేదాన్నని చెప్పింది. తనూ అడిగానని మామ్మ చెప్పింది. ఇద్దరూ వేరువేరు వేళల్లో, ఒకరికి తెలియకుండా ఒకరు, అదే రేవుకి వెళ్ళేవారట. వంటింటి గుమ్మంలో మేం పిల్లలం నిలబడి ఉన్నాం. అమ్మ మమ్మల్ని అవతలికి పంపలేదు.

ఆ తర్వాతి వారం నుంచి పిన్ని టీవీకి వచ్చింది. ఆమె చూసేది ఊర్మిళ కోసం. లక్ష్మణుడు అన్న వెంట వెళ్ళిపోయాడు, ఊర్మిళ అయోధ్యలోనే ఉండిపోయింది. మావైపు ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళ పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. వనవాసంలో నిద్రపోకూడదని లక్ష్మణుడు నిద్రాదేవిని వేడుకుంటే, అతని వంతు నిద్ర కూడా ఊర్మిళకే వచ్చిందని కథ. ఇది రంగనాథ రామాయణంలో ఉంది. వాళ్ళు మన రంగనాథం కూడా చూసి తీస్తున్నారు కాబట్టి ఊర్మిళ నిద్ర తప్పకుండా చూపిస్తారని పిన్ని ఎదురుచూసింది. కథ అడవులు, సముద్రం, లంక మీదుగా సాగిపోతుంటే మధ్యలో ఎక్కడైనా అయోధ్య కనబడితే చాలు, ముందుకి వంగేది. "నిద్రపోయిందన్నది మగవాళ్ళు రాసుకున్న మాటయి ఉంటుంది. ఆ నిద్ర పట్టి ఉండదు" అని ఒకసారి నాతో అంది. నాకప్పుడు అర్థం కాలేదు. ఆమె పక్కనే పడుకునేదాన్ని, రాత్రుళ్ళు ఎప్పుడు చూసినా కళ్ళు తెరిచే ఉండేవి.

భరతుడు పాదుకలు నెత్తిన పెట్టుకున్నప్పుడు ఎవరో బంధువు, బాబాయి చెప్పులుంటే దేవుడి దగ్గర పెట్టుకోమని సలహా ఇచ్చింది. మంచి మనసుతోనే. "చెప్పులేసుకునే వెళ్ళారండీ" అంది పిన్ని. అంతే.

ఆఖరి భాగం 1988 జూలై 31న వచ్చింది. రాముడు తిరిగొచ్చాడు, పట్టాభిషేకం జరిగింది. ఆ రోజు మేష్టారింట్లో పానకం, వడపప్పు పంచారు. ఊరంతా పెళ్ళికి వచ్చినట్టు కొత్త చీరల్లో ఉంది. మామ్మ పొద్దున్నే తలస్నానం చేసి వెళ్ళింది. కౌసల్య కొడుకుని దగ్గరికి తీసుకుంటుంటే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ మొహంలో అసూయ వెతికినవాళ్ళు ఉంటారు. నేను పక్కనే ఉన్నాను. సంతోషమే కనబడింది. ఎవరి కొడుకైనా తిరిగొచ్చాడు కదా. ఊర్మిళని చూపించిన సేపు మాత్రం పిన్నికి చాల్లేదు. దారిలో, "పద్నాలుగేళ్ళకి ఆ మాత్రమేనా" అని గొణుక్కుంది.

ఆ సీరియల్‌లో బాణాలు గాల్లో ఎంత నెమ్మదిగా ఎగిరాయో, కిరీటాలు ఎలా ఉండేవో చెప్పుకుని నవ్వేవాళ్ళు నాకు తెలుసు. దేశ రాజకీయాల్లో అది ఏం తెచ్చిందో చదువుకున్నవాళ్ళు చాలా రాశారు. అవీ ఆలోచించాల్సినవే. నేను చూసింది మాత్రం ఒక వంటిల్లు. కథ నెమ్మదిగా నడవడం మా ఇంటికి మేలే చేసింది. ఒక మాటకీ దాని జవాబుకీ మధ్య నెలలు పట్టే మనుషులకి, వారానికొక్క భాగం కథ సరిపోయింది. శోకం గురించి మనకి ఉన్నది ఓదార్పు మాటలే. పోట్లాడుకోవడానికి మాటలుండవు. మామ్మకీ పిన్నికీ రామాయణం పోట్లాడుకునే వీలిచ్చింది. కొడుకు గురించి, మొగుడి గురించి ఎదురెదురుగా అనలేనివి కౌసల్య మీద, ఊర్మిళ మీద పెట్టి అనుకున్నారు. భక్తి అంటే ఇదేనని నేనిప్పటికీ నమ్ముతాను. దేవుడి కథని తమ ఇంటి కథగా పట్టుకుని, ఆయన్నే నిలదీసేంత దగ్గరగా వెళ్ళడం.

సీత కథ మిగిలిపోయిందని, అదీ చూపించాలని జనం పట్టుబట్టాక ఉత్తర రామాయణం కూడా వచ్చింది. మామ్మ దాన్ని కుదురుగా చూడలేదు. నిండు చూలాలిని అడవికి పంపిన రోజు లేచి, "అప్పటికి కౌసల్య ఉంది కదండీ మేష్టారూ? ఆవిడ ఏమంది?" అని నిలదీసింది. ఆయన ఏదో చెప్పబోయి ఊరుకున్నారు.

1991 పుష్కరాలకి అందరం కోటిపల్లి రేవుకి వెళ్ళాం. నాన్న తాతయ్యకి, ముత్తాతలకి పిండాలు పెట్టాడు. బాబాయి పేరు దగ్గర బ్రాహ్మడు ఆగి మామ్మ వైపు చూశాడు. మామ్మ తల అడ్డంగా ఊపింది. ఏడేళ్ళు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు కోర్టు భావించవచ్చని సాక్ష్య చట్టంలో ఉందని, పిన్ని పేరు మీదికి పొలం మార్పించుకోవడం తేలికవుతుందని ప్లీడరు 1993లో చెప్పాడు. నాన్న ఆ కాగితాలు బీరువాలో పెట్టేశాడు. కోర్టు లేకుండానే పొలం రాబడి ఏటా లెక్కకట్టి పిన్ని చేతికిచ్చేవాడు.

1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. మా తోటలో బాబాయి పాతిన చెట్లలో రెండే నిలిచాయి. ఆ తుపానులో వేటకి వెళ్ళిన మత్స్యకారులు ఎందరో సముద్రం నుంచి తిరిగి రాలేదు. పత్రికల్లో ఆ ఇళ్ళ ఆడవాళ్ళ ఫొటోలు చూసి మామ్మ, "వీళ్ళకీ మొదలైంది" అంది. ఏం మొదలైందో మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

1998లో పన్నెండేళ్ళు నిండాయి. సిద్ధాంతిగారు ముహూర్తం చెప్పడానికి వచ్చారు. మామ్మ ఒప్పుకోలేదు.

"రాముడి కోసం పద్నాలుగేళ్ళు ఆగారు. నా కొడుక్కి రెండేళ్ళు తక్కువెందుకు?"

శాస్త్రం వేరు, పురాణం వేరని ఆయన నచ్చజెప్పారు. నాన్నకి విసుగొచ్చింది, బంధువులు ఒత్తిడి చేశారు. ఈసారి పిన్ని అత్తగారి వైపు నిలబడింది. "రెండేళ్ళే కదా బావగారూ, ఆగుదాం" అంది. కౌసల్య పక్షం, ఊర్మిళ పక్షం ఒకటయ్యాయి. మిగతావాళ్ళం ఏమంటాం?

2000 ఆగస్టులో, వరదొచ్చిన రోజులు దాటాక, కోటిపల్లిలో ఆ కర్మ జరిగింది. మోదుగాకులు, దర్భలు పేర్చి మనిషి ఆకారం చేస్తారు. తలకి కొబ్బరికాయ పెడతారు. కొబ్బరికాయ తెప్పిస్తానని ఎవరో అంటే మామ్మ వద్దంది. బాబాయి పాతిన చెట్టు నుంచి ముందురోజే దింపించి, తన సంచిలో పెట్టుకుని తెచ్చింది. పదిహేనేళ్ళ మా తమ్ముడు, బాబాయి కొడుకు, నిప్పంటించాడు. తండ్రి మొహం వాడికి ఫొటోలోనే తెలుసు. వాడు ఏడుస్తుంటే పిన్ని పట్టుకుంది. మామ్మ నిటారుగా నిలబడి, ఆకులు పూర్తిగా కాలేదాకా చూసింది. నిప్పు చల్లారాక చెంగు నోట్లో కుక్కుకుని రేవు మెట్ల మీద కూలబడింది. పద్నాలుగేళ్ళు దాచుకున్న ఏడుపంతా అక్కడే ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

పదోరోజున అసలు సమస్య వచ్చింది. పిన్ని బొట్టు తీసెయ్యాలి, గాజులు పగలగొట్టాలి అన్నారు పెద్దవాళ్ళు. ఆచారం తెలిసిన ముసలమ్మలు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పిన్ని ఏమీ అనలేదు, లేచి నిలబడింది. మామ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"శాస్త్రం కోసం మోదుగాకులు కాల్చాం. నా కోడలు మోదుగాకులకి పెళ్ళాం కాదు" అంది.

ఎవరో గొణిగారు. మామ్మ ఇంకో మాట అనలేదు, పట్టుకున్న చెయ్యీ వదల్లేదు. ఆ ముసలమ్మలు భోజనం చేసి వెళ్ళిపోయారు. 2003 పుష్కరాల్లో మొదటిసారి బాబాయి పేరున పిండం పెట్టాం. ఆ తర్వాత కొన్నాళ్ళకి మామ్మ పోయింది.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మార్చి 28 నుంచి దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ వేసింది. పొద్దున్న తొమ్మిదికి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. తమ్ముడు హైదరాబాదులో చిక్కుకుపోయాడు. ఊళ్ళో పిన్ని ఒక్కతే. రోజూ సీరియల్ అయ్యాక నాకు ఫోన్ చేసేది. ఇప్పుడు రంగుల్లో చూస్తోంది. ఇన్నేళ్ళూ తాను ఊహించుకున్న చీర రంగులన్నీ తప్పేనంది. పడవ ఘట్టం వచ్చిన రోజు నేనే భయపడి ముందు ఫోన్ చేశాను. "పూర్తిగా చూశానే. ఆ కేవటుడికి గెడ పట్టుకోవడం రాదు. మీ బాబాయి గెడ వేస్తే పడవ బెసికేది కాదు" అంది. ఆయన ప్రస్తావన వస్తే ఇప్పుడు పిన్ని గొంతు మామూలుగానే ఉంటుంది. ఆయన ఎలా నవ్వేవాడు, ఏ కూర ఇష్టం, ఎందుకు కోపగించుకునేవాడు, అన్నీ చెబుతుంది. నాకు బాబాయి గురించి తెలిసినదాంట్లో సగం ఆ ఫోన్లలో తెలిసిందే.

ఏప్రిల్ నెలాఖరు దాటి ఉత్తర రామాయణం కూడా ముగింపుకొచ్చింది. సీత భూమిలోకి వెళ్ళిపోయిన రోజు పిన్ని కొంచెం ఆలస్యంగా చేసింది.

"పిల్లల్ని తండ్రికి అప్పజెప్పాకే వెళ్ళింది. అలిసిపోయింది, వెళ్ళింది. అందులో ఏడవడానికేముందే?" అంది.

మామ్మ ఉంటే ఈ మాట ఒప్పుకునేది కాదన్నాను.

"ఎందుకొప్పుకుంటుంది! ఎన్ని కష్టాలొచ్చినా కోడలు అత్తగారింటి గడప దాటకూడదంటుంది మీ మామ్మ. ముందు ఆ రాముణ్ణి నాలుగు కడిగి, తర్వాత సీతనీ కడిగేది."

అలా కాదు పిన్నీ అని మామ్మ తరఫున నేను అందుకున్నాను. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయేదాకా ఇద్దరం వాదించుకున్నాం. మర్నాడు పొద్దున్న పిన్ని మళ్ళీ చేసి, రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న జవాబు చెప్పింది.